బ్లూస్టోన్ ఇంటిని కూల్చొద్దు, దానికి సిమెంటూ పూయొద్దు

సంపాదకుల వారికి,

ప్రవాసుల పేజీల్లో మెల్‌బోర్న్ గురించి ఏం వచ్చినా పక్కన ఫిట్జ్‌రాయ్ గార్డెన్స్‌లోని కుక్స్ కాటేజ్ ఫొటో ఒకటి పడుతుంది. కింద ‘తొలి వలసదారుల రాతి ఇల్లు’ అన్నట్టు రాస్తుంటారు. అది అక్కడికి వలస వెళ్లినవాళ్లు కట్టింది కాదు. ఇంగ్లండ్‌లో, యార్క్‌షైర్‌లోని గ్రేట్ ఏటన్ అనే పల్లెలో నావికుడు కెప్టెన్ కుక్ తల్లిదండ్రులు 1755లో కట్టుకున్న ఇల్లు. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో వలసలు మొదలైన శతాబ్ది ఉత్సవాల (1934) కోసం రసెల్ గ్రిమ్‌వేడ్ అనే పారిశ్రామికవేత్త దాన్ని 800 పౌండ్లకు కొని, రాయి రాయి ఊడదీయించి, 253 పెట్టెల్లో, 40 పీపాల్లో ఓడెక్కించి తెప్పించాడు. చూడదగ్గదే, కాదనం. వలసదారులు నిజంగా కట్టుకున్న రాతి ఇళ్లు మాత్రం వేరేచోట ఉన్నాయి. మనవాళ్లు ప్లాట్లు కొంటున్న టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్, మెల్టన్ వైపు, పడమటి శివార్లలో. కొన్ని బాగున్నాయి, కొన్ని రేకులు లేచిపోయి, తాత్కాలిక ఇనుప కంచె వెనక పడి ఉన్నాయి. వెంచర్ మధ్యలో అలాంటిది కనబడితే ‘ఈ పాడుబడ్డ కొంప ఎప్పుడు తీసేస్తారు’ అని అడిగేవాళ్లే ఎక్కువ. అందుకే ఈ ఉత్తరం.

ఆ ప్రాంతమంతా లావా పరుచుకున్న మైదానం. పడమర దిక్కున దక్షిణ ఆస్ట్రేలియా సరిహద్దు దాకా పోతుంది. అక్కడివాళ్లు బ్లూస్టోన్ అనేది బసాల్టు. వికారాబాద్, జహీరాబాద్ చుట్టుపక్కల దొరికే నల్లరాయి జాతే. ఆ రాయి చివికి అయిన మట్టి కూడా మన నల్లరేగడి లాగే వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. ఈ రెండు సంగతులు మనసులో ఉంచుకుంటే ఆ ఇళ్ల కథలో సగం తెలిసినట్టే.

1835లో, అప్పట్లో వాన్ డీమెన్స్ ల్యాండ్ అనే టాస్మానియా నుంచి గొర్రెల మందలతో కొందరు ఇక్కడికి దాటారు. నేలేమీ ఖాళీగా లేదు. అది వాడవురంగ్, బూనురంగ్, వురుంజెరి ప్రజలది. వాళ్ల పెద్దలతో ఒప్పందం రాయించుకున్నానని, అలా దాటినవాళ్లలో ఒకడైన జాన్ బ్యాట్‌మన్ చెప్పుకుంటే, ఆ ఏడాదే న్యూ సౌత్ వేల్స్ గవర్నర్ బోర్క్ అది చెల్లదని ప్రకటన ఇచ్చాడు. ఆ నేల మీద హక్కు ఆదివాసులకు ఉందని ఒప్పుకుని కాదు, భూమంతా ప్రభుత్వానిదేనని. గొర్రెల ఆసాములకూ మొదట్లో ఉన్నది మేపుకునే లైసెన్సే. ఏటేటా మారే హక్కు మీద ఎవరూ రాతి గోడ లేపరు. చెక్క పలకలతోనో మట్టితోనో గుడిసె వేసుకున్నారు. 1847 ఉత్తర్వులతో తాము నివాసమున్న చోట 640 ఎకరాలు, అంటే ఒక చదరపు మైలు, ముందుగా కొనుక్కునే వీలు దక్కింది. 1850లలో ప్రభుత్వ భూముల అమ్మకాలూ ఊపందుకున్నాయి. అప్పుడు లేచాయి రాతి గోడలు. బ్లూస్టోన్ ఇల్లంటే పట్టా చేతికొచ్చిందని అర్థం. ఒకరికి పట్టా దక్కడం, ఇంకొకరు నేల పోగొట్టుకోవడం ఒకే గోడలో ఉన్నాయి. వారసత్వ నివేదికలో మొదటిది రాసి రెండోది వదిలేస్తే ఆ నివేదిక సగమే.

పెద్ద బంగళాలకు దిక్కుంది. పాయింట్ కుక్ తీరాన చర్న్‌సైడ్ కుటుంబం 1857లో కట్టిన హోమ్‌స్టెడ్ ఇప్పుడు తీరప్రాంత పార్కులో భాగం. వించెల్సీలో 1871లో పూర్తయిన 42 గదుల బార్వన్ పార్క్, వారసత్వ కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్టు చేతిలో ఉంది. దాని యజమాని థామస్ ఆస్టిన్ 1859లో వేట సరదాకు తెప్పించిన కుందేళ్ల సంతానమే ఖండాన్ని తినేసింది. ఆయన భార్య ఎలిజబెత్ ఇచ్చిన విరాళంతో మొదలైందే మెల్‌బోర్న్‌లోని ఆస్టిన్ ఆసుపత్రి. ఇలాంటి పేరు, కథ ఉన్న ఇళ్లను ఎవరో ఒకరు పట్టించుకుంటారు. రెండు గదులు, ఒక పొగగొట్టం, వెనక విడిగా వంటిల్లు, ఇంతే ఉన్న చిన్న రైతు ఇంటిని ఎవరూ పట్టించుకోరు. మా దృష్టిలో ఎక్కువ సమాచారం ఉన్నది వాటిలోనే.

ఎందుకంటే అక్కడ గోడే దస్తావేజు. సాధారణంగా 450 నుంచి 600 మి.మీ. మందం ఉంటుంది. బయటి వరస, లోపలి వరస విడివిడిగా లేపి, మధ్యలో రాళ్ల ముక్కలు, మట్టి కూరుతారు. అక్కడక్కడ ఈ మొహం నుంచి ఆ మొహం దాకా పొడుగు రాయి అడ్డంగా వేసి రెండు వరసల్నీ కట్టేస్తారు. మూలలకు, కిటికీ పక్కలకు చెక్కిన రాళ్లు, మిగతా గోడకు పొలంలో ఏరిన రాళ్లు. సున్నం దూరం నుంచి బండి మీద రావాలి కాబట్టి చాలాచోట్ల లోపలంతా మట్టితోనే కట్టి, బయట సందులను మాత్రం సున్నంతో పూడ్చారు, అంటే పాయింటింగ్ చేశారు. సున్నం ఎక్కడిదంటే, పోర్ట్ ఫిలిప్ అఖాతం ఒడ్డున పాయింట్ నెపియన్, జీలాంగ్ దగ్గర బట్టీలు ఉండేవి. పాత గచ్చులో (రాళ్ల మధ్య పెట్టే సున్నం, ఇసుక మిశ్రమంలో) గవ్వ ముక్కలు కనబడటం మామూలే. పులికాట్ ఒడ్డున గుల్ల సున్నం చూసినవాళ్లకు కొత్తగా అనిపించదు.

గచ్చులో బఠాణీ గింజంత తెల్లటి సున్నపు ముద్దలు ఉంటే, ఇసుకలోనే సున్నం పోసి, నీళ్లు చల్లి, అక్కడికక్కడే కలిపారని గుర్తు. మేకులు కూడా చెబుతాయి: సమ్మెటతో కొట్టినవా, రేకు నుంచి కోసినవా, తీగతో చేసినవా అన్నదాన్ని బట్టి ఏ గది ముందు, ఏది తర్వాత అన్నది తేలుతుంది. రేకుల కప్పు కింద తొంగిచూస్తే చాలా ఇళ్లలో పాత చెక్క పెంకులు అలాగే ఉంటాయి. రేకు వెనక కర్మాగారం ముద్ర దొరికితే కప్పు ఏ కాలానిదో పట్టుకోవచ్చు. పెరట్లో ఇటుకతో గుమ్మటంలా కట్టిన భూగర్భ నీటి తొట్టి, పాత పెప్పర్‌కార్న్ చెట్టు, గాలికి అడ్డంగా నాటిన సైప్రస్ వరస, రాళ్లు పేర్చిన కంచె గోడ, ఇవన్నీ కలిస్తేనే ఆ ఇల్లు. ఇంటిని మాత్రం ఉంచి పెరడంతా ప్లాట్లు చేస్తే మిగిలేది ఒక రాతి పెట్టె.

ఇక చెడిపోవడం దగ్గరికి వద్దాం. కాలం వల్ల పోయినవాటి కంటే మరమ్మతు వల్ల పోయినవే ఎక్కువ. అందులో మొదటి దోషి సిమెంటు. ఇసుకరాయి గోడకు సిమెంటు పాయింటింగ్ చేస్తే రాయే పొరలుగా రాలిపోతుంది, అది అందరికీ కనిపిస్తుంది. బసాల్టు గట్టిది, నీళ్లు తాగదు, రాలదు. అందుకే ‘మా గోడకేం కాలేదు’ అనుకుంటారు. అయితే రాయి నీళ్లు తాగదు కాబట్టే గోడలోని చెమ్మ బయటికి పోయే దారి సందుల్లోని సున్నం ఒక్కటే. ఆ సందుల్ని సిమెంటుతో మూస్తే చెమ్మ లోపలి వైపు తిరుగుతుంది. లోపలి గిలాబుకు చౌడు పడుతుంది, పొగగొట్టం ఇటుక పిండిలా రాలుతుంది, నేల దూలాల చివర్లు పుచ్చుతాయి. రేగడి కదిలినప్పుడల్లా సిమెంటు రాయి అంచు వెంట వెంట్రుకంత చీలుతుంది. ఆ చీలికలోంచి వాన నీళ్లు లోపలికి వెళతాయి, తిరిగి రాలేవు. మధ్యలో ఉన్నది మట్టి అయితే అది నెమ్మదిగా కిందికి జారి, గోడ నడుము దగ్గర ఉబ్బుతుంది. ఉబ్బు కనిపించాక బాగుచేసే ఖర్చు పాయింటింగ్ ఖర్చుకు ఎన్నో రెట్లు.

సరైన పద్ధతి కష్టమేమీ కాదు, ఓపిక కావాలి. పాత గచ్చును ఉలి, సుత్తితో సందు వెడల్పుకు రెండింతల లోతు, తక్కువలో తక్కువ 25 మి.మీ. దాకా తీయాలి. గ్రైండర్ పెట్టొద్దు, రాళ్ల అంచులు కోసుకుపోతాయి. దుమ్ము ఊడ్చి, ముందురోజు నుంచి తడుపుతూ ఉండాలి. గచ్చుకు ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు గరుకు ఇసుక. ఈ లెక్క ఊరికే రాలేదు, మంచి ఇసుకలో గింజల మధ్య ఖాళీ దాదాపు మూడో వంతు ఉంటుంది, సున్నం ఆ ఖాళీ నింపాలి. వానకు బాగా తగిలే గోడకు, పొగగొట్టానికి సహజ హైడ్రాలిక్ సున్నం (తడిలోనూ గట్టిపడేది) వాడొచ్చు. లోతు ఎక్కువుంటే ఒకేసారి కూరకుండా 15-20 మి.మీ. పొరలుగా నింపాలి. తడి గోనెపట్టాలు కప్పి కనీసం వారం తడుపుతుండాలి. ఎండ 30 డిగ్రీలు దాటినా, చలి 5 డిగ్రీల కంటే దిగినా ఆ పని ఆపేయడమే మేలు. మెల్‌బోర్న్ వేసవిలో ఉత్తరపు వేడి గాలి వీచే రోజు చేసిన పాయింటింగ్ గట్టిపడకుండానే ఎండి, వేలితో గీకితే పొడిగా రాలుతుంది.

పాత గచ్చు ముక్కను పలచని ఆమ్లంలో కరిగించి ‘ఇసుక ఇంత, సున్నం ఇంత’ అని తేల్చే పరీక్ష ఒకటుంది. ఈ ప్రాంతంలో దాన్ని గుడ్డిగా నమ్మొద్దు. ఇసుకలోని గవ్వ కూడా సున్నంతో పాటు కరిగిపోయి, సున్నం ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ముందు భూతద్దంతో చూడాలి.

మన మేస్త్రీలకు ఒక మాట. బెల్లం, కరక్కాయ నీళ్లు, డంగు సున్నం మన కట్టడాల విద్య, దాని మీద గౌరవం ఉంది. కానీ ఈ గోడల్లో అవి లేవు. ఉన్నదానికి ఉన్నదే వాడాలి. బాగుందని మన వంటను వాళ్ల విస్తట్లో వడ్డించడం మరమ్మతు కాదు.

చెమ్మకు చాలామంది ముందుగా కొనేది మందు. గోడకు వరసగా రంధ్రాలు వేసి రసాయనం ఎక్కిస్తామని వస్తారు. మధ్యలో బొందలున్న గోడలో ఆ మందు ఒక గీతలా నిలవదు, దారి దొరికిన చోటికి కారిపోతుంది. సిలికాన్ పూత కూడా అంతే, బయటి నీటిని ఎంత ఆపుతుందో లోపలి నీటినీ అంత ఆపుతుంది. ముందు చూడాల్సినవి చవకవి. చూరు గట్టర్ నిండిందా, గొట్టం కింద నీళ్లు గోడ మొదట్లోనే పడుతున్నాయా, పూలమొక్కల మట్టి ఎత్తు పెరిగి నేల కింది గాలి జాలీలు మూసుకుపోయాయా. బయటి నేల ఆ జాలీల కంటే బాగా కిందుండాలి. చెక్క నేల తీసేసి కాంక్రీటు పోస్తే, ఇన్నాళ్లూ గాలికి ఆరిపోయిన చెమ్మంతా గోడలెక్కుతుంది. గోడ చుట్టూ కాంక్రీటు బాట పోసినా అదే జరుగుతుంది. లోపల ప్లాస్టిక్ రంగు వద్దు, సున్నం వేయండి.

పగుళ్లను చూసి వెంటనే పునాది కింద కాంక్రీటు పోయించే తొందర కూడా అనవసరం. రేగడి మీది గోడలో పగులు వేసవిలో విచ్చుకుని, నేల తడిగా ఉండే చలికాలంలో మూసుకుంటుంది. పగులుకు రెండు వైపులా చిన్న మేకులు కొట్టి, మధ్య దూరం ఏడాది పాటు నెలనెలా కొలిస్తే అది రుతువుతో కదులుతోందా, ఒకే దిక్కుకు పెరుగుతోందా తెలుస్తుంది. మొదటిదైతే నీటి పారుదల సరిచేసి, దగ్గరి చెట్ల సంగతి చూస్తే చాలావరకు సర్దుకుంటుంది. ఒక మూల కింద మాత్రం కాంక్రీటు పెడితే ఆ మూల కదలదు, మిగతా ఇల్లు కదులుతుంది, కొత్త పగులు పక్కనే పుడుతుంది.

రేకుల విషయంలో తరచూ జరిగేది ఇది: పాత గాల్వనైజ్డ్ (జింకు పూత) గట్టర్ ఉంచి, పైన కొత్త జింకాల్యూమ్ (అల్యూమినియం, జింకు కలిసిన పూత) రేకు వేస్తారు. ఆ రేకు మీంచి జారిన నీళ్లు గట్టర్ మీది జింకును త్వరగా తినేస్తాయి. పొగగొట్టం చుట్టూ సీసపు పట్టీ ఉన్నచోట కూడా జింకాల్యూమ్ పొసగదు. గాల్వనైజ్డ్ రేకు ఇప్పటికీ దొరుకుతుంది, కప్పు, గట్టర్ రెండూ అదే వేయాలి.

వెంచర్ల వల్ల వచ్చే నష్టం గురించి ఎవరూ మాట్లాడరు. చుట్టూ మట్టి పోసి రోడ్లు, ప్లాట్లు ఎత్తు పెంచుతారు. పాత ఇల్లు గుంటలో పడి, వాన నీళ్లన్నీ దాని గడప దగ్గరికి చేరతాయి. ఇంటి చుట్టూ వదిలిన జాగా ఎంత అన్నదానికంటే ఆ జాగా మట్టం ఎంత అన్నది ముందు అడగాలి. డ్రైనేజీ కాలువల కోసం బసాల్టును రాక్ బ్రేకర్‌తో పగలగొడుతుంటే మట్టి కూరిన గోడలు అదురుతాయి. సున్నితమైన పాత కట్టడాలకు జర్మన్ ప్రమాణం డిన్ 4150-3 తక్కువ పౌనఃపున్యాల దగ్గర పునాది వద్ద సెకనుకు 3 మి.మీ. కంపనవేగాన్ని హద్దుగా పెడుతుంది. గోడకు కొలిచే పరికరం బిగించి, ఆ హద్దు దాటగానే పని ఆపాలని కాంట్రాక్టులో రాయించాలి. ఖాళీగా ఉన్నన్నాళ్లు కప్పు ముఖ్యం. టార్పాలిన్ ఒక్క గాలివానకు చిరుగుతుంది. చెక్క బద్దలు కట్టి పాత రేకులైనా బిగిస్తే గోడ నెత్తి తడవదు. నెత్తి తడిసిన మట్టి కూరిన గోడ మరి ఎక్కువ కాలం నిలవదు.

ఇక ‘ఊడదీసి ఇంకోచోట కట్టేద్దాం’ అనే సలహా. 1979లో దక్షిణ ఆస్ట్రేలియాలోని రాగి గనుల ఊరు బర్రాలో ఆమోదించిన బర్రా చార్టర్ ఈ దేశంలో సంరక్షణకు ఆధారం. కట్టడం ఉన్న చోటు కూడా దాని విలువలో భాగమని, కాపాడటానికి వేరే దారి లేనప్పుడే తరలించవచ్చని అది చెబుతుంది. కావలసినంత మార్చు, వీలైనంత తక్కువ మార్చు అన్నది అందులోని ఇంకో సూత్రం. బ్లూస్టోన్ ఇంటిని కదిలిస్తే మధ్యలోని మట్టి, మేకులు, పొరలు, పునాది అన్నీ చెత్తబండిలోకి పోతాయి. వెళ్లేవి మొహం రాళ్లు మాత్రమే.

చట్టం ఎలా ఉందో కొనేవాళ్లకు తెలియాలి. రాష్ట్ర స్థాయిలో విక్టోరియన్ హెరిటేజ్ రిజిస్టర్, స్థానికంగా కౌన్సిల్ (పురపాలక సంస్థ) ప్లానింగ్ స్కీంలో హెరిటేజ్ ఓవర్‌లే, అంటే ఆ స్థలానికి వారసత్వ నిబంధనలు వర్తిస్తాయనే గుర్తు. రెండూ వేరు. అమ్మేవాళ్లు ఇచ్చే సెక్షన్ 32 పత్రంలో ఓవర్‌లే ఉంటే కనిపిస్తుంది. ‘హెచ్‌ఓ’ అక్షరాలు, పక్కన ఒక అంకె ఉంటాయి. ఆ అంకెతో షెడ్యూల్ (ఒక్కో స్థలానికి ఏ నిబంధనలో చెప్పే పట్టిక) తీసి చదవాలి. ఓవర్‌లే ఉంటే కూల్చడానికి, జాగా విడదీయడానికి, కొత్తగా కట్టడానికి, బయట గిలాబు వేయడానికి, ఇసుకను గాలి ఒత్తిడితో చిమ్మి రాయి శుభ్రం చేయడానికి, రంగు లేని బయటి గోడకు రంగు వేయడానికి కూడా అనుమతి కావాలి. లోపలి మార్పులకు, ఇప్పటికే రంగున్న బయటి గోడకు మళ్లీ రంగు వేయడానికి మాత్రం షెడ్యూల్‌లో ప్రత్యేకంగా రాసి ఉంటేనే. ఉన్నది ఉన్నట్టు, అదే సామగ్రితో చేసే మామూలు మరమ్మతులకు సాధారణంగా అనుమతి అక్కర్లేదు. ఇల్లు పూర్తిగా కూలిపోయినా నేల కింద మిగిలినదానికి రక్షణ ఉంది. 75 ఏళ్లు, అంతకు మించిన పురావస్తు అవశేషాలు 2017 హెరిటేజ్ చట్టం కిందికి వస్తాయి. పాత బావి, చెత్తగుంట కనబడితే జేసీబీ ఆపి రాష్ట్ర వారసత్వ విభాగం హెరిటేజ్ విక్టోరియాకు చెప్పాలి. ‘వదిలేస్తే అదే కూలుతుంది’ అన్న లెక్కా ఇప్పుడు పారదు. కార్ల్‌టన్‌లో 1857 నాటి పబ్బును 2016లో అనుమతి లేకుండా కూల్చిన తర్వాత చట్టం మారింది. అక్రమంగా కూల్చినా, కావాలని శిథిలం కానిచ్చినా ఆ స్థలంలో పదేళ్ల దాకా కొత్త నిర్మాణం ఆపేయవచ్చు.

అదే షెడ్యూల్‌లో చాలామంది చూడని గడి ఒకటుంది: ఆ జోన్‌లో మామూలుగా నిషేధమైన వినియోగాన్ని ఈ ఇంటికి అనుమతించవచ్చా లేదా అని. అక్కడ ‘అవును’ అని ఉంటే, చుట్టూ ఇళ్లే ఉన్నా ఆ రాతి ఇంట్లో క్లినిక్కో, కాఫీ హోటలో, సంగీతం బడో పెట్టుకోవడానికి దరఖాస్తు చేసుకోవచ్చు. కాపాడే ఖర్చు రాబట్టుకోవడానికే ఆ వెసులుబాటు పెట్టారు. చాలా కౌన్సిళ్లలో హెరిటేజ్ సలహాదారు ఉంటారు, మొదటి సంప్రదింపుకు తరచూ రుసుము ఉండదు. సంతకం పెట్టకముందే ఆయన్ని కలవండి. వెళ్లేటప్పుడు నాలుగు వైపులా ఫొటోలు, రేకు కింద తీసిన ఒక ఫొటో, గాలి జాలీల దగ్గర నేల మట్టం కొలత పట్టుకెళితే పని తొందరగా తేలుతుంది.

ఇట్లు,
పాత రాతి కట్టడాల మరమ్మతులో పనిచేసే కొందరు తెలుగు ఇంజనీర్లు, మేస్త్రీలు
మెల్‌బోర్న్